నక్షత్రం గుర్తు

సొహార్‌లో రాత్రి రెండు దాటింది.
ఏసీ నీళ్లు బకెట్‌లో పడుతున్నాయి,
నిండితే నేనే పారబొయ్యాలి.
తెర మీద పేర్ల పట్టీ.
ఎవరు చూడొచ్చు, ఎవరు రాయొచ్చు, ఎవరు చెరపొచ్చు.
నా ఉద్యోగమంతా ఈ మూడు క్రియలే.

రేవులో ఎనిమిది గేట్లు.
కార్డు గీసిన ప్రతిసారీ ఒక్కో వరుస పంపుతాయి
ఎక్కడో ఉన్న మబ్బులోకి.
వాన కురవని మబ్బు,
అద్దె మాత్రం నెలనెలా డాలర్లలో పడుతుంది.
వరుసలో ఏముంటుంది?
గేటు నంబరు, కార్డు నంబరు, తేదీ, గంట, నిమిషం, సెకను.
చెమటకి గడి లేదు.

నిరుడు రంజాన్‌లో
ఇఫ్తార్‌కి ఇరవై నిమిషాలుందనగా
సైటు మేనేజరు ఫోను:
"రిపోర్టు తెరుచుకోవట్లేదు వహీదా, ఏదో ఒకటి చెయ్యి."
ఏ క్రియ కావాలో వెతికే ఓపిక లేదు.
ఖర్జూరం చేతిలో ఉంది.
అనుమతి గడిలో నక్షత్రం గుర్తు పెట్టేశాను.
నక్షత్రమంటే అన్నీ.
చూడు, రాయి, చెరుపు, నీ ఇష్టం.
పండగయ్యాక తీసేద్దామనుకున్నాను.
పండగ అయింది.
ఇంకో పండగా అయింది.

మా నాన్న ప్రొద్దుటూరులో పత్తి మిల్లు గుమాస్తా.
చిట్టాలో తప్పు పడితే
దాని మీద ఒకే ఒక అడ్డగీత, పక్కన పొట్టి సంతకం.
గీత కింద అంకె కనబడాలి.
"తప్పు కూడా లెక్కే పాపా" అనేవాడు.
రబ్బరు ముక్క నా డ్రాయింగు పెట్టెలో తప్ప
ఇంట్లో ఇంకెక్కడా ఉండేది కాదు.

జూన్ నుంచి ఆగస్టు దాకా
పన్నెండున్నరకీ మూడున్నరకీ మధ్య
ఎండలో పని చేయించకూడదు, ఇక్కడి చట్టం.
ఆ కాగితం ప్రతి గేటుకీ అతికించారు, నాలుగు భాషల్లో.
తెలుగు లేదు.

పోశెట్టిది కోరుట్ల పక్క పల్లె.
జులైలో నాలుగో గేటు దగ్గర పడిపోయాడు.
ఆసుపత్రికి వెళ్తే
సెలైన్ లేని చేత్తో దుప్పటి సర్దుకున్నాడు.
"రెండైతుండె మేడం. కార్డు గుంజిన. కీక్‌మన్నది.
గంతే నాకెర్క.
గాళ్లేమో పొద్దుగాల్నే పడ్డవంటున్రు."

బీమా కాగితంలో పదిన్నర అని రాశారు.
ఆ కీక్ నా దగ్గర ఉండాలి.

వెతికాను.
జులై పద్నాలుగు, నాలుగో గేటు.
పన్నెండు ఇరవై తొమ్మిది దాకా వరుసలున్నాయి,
మూడు ముప్పై ఒకటి నుంచి మళ్లీ ఉన్నాయి.
నడుమ ఎవరూ రాలేదు, ఎవరూ పోలేదు.
అంత నీతిగా ఉంది ఆ మూడు గంటల తెలుపు.
వెనక్కి పోయి చూశాను. పదమూడు, పన్నెండు, పదకొండు,
రోజూ అదే కొలతకి కత్తిరించిన గుడ్డ.

బిజు కరక్ చాయ్ తెచ్చి పెట్టి, తెర చూసి,
తన కుర్చీలోకి వెళ్లి చాలాసేపు మాట్లాడలేదు.
తర్వాత అన్నాడు, "నీ వీసా ఎవరి చేతిలో ఉంది?"
నా నివాస కార్డు మీదా ఒక గడి ఉంది,
అందులో కంపెనీ పేరు.

ఇంకో చిట్టా ఉంది.
చిట్టాలను ఎవరు ముట్టుకున్నారో రాసుకునే చిట్టా.
దాన్ని చెరిపే క్రియ ఎవరికీ లేదు, నాకు కూడా.
చేరిన మొదటి వారం, ఇంకా శ్రద్ధ ఉన్న రోజుల్లో
నేనే అలా బిగించాను.
చాయ్ మీద మీగడ కట్టేదాకా కూర్చుని
తెరిచాను.
జులై పదిహేను, రాత్రి పదకొండు నలభై.
చెరిపినవారు: సైటు మేనేజరు.
చెరిపిన వరుసలు: రెండు వేల మూడు వందల ఆరు.

నక్షత్రాన్ని పీకేశాను.
చూడొచ్చు అన్న ఒక్కటే మిగిల్చాను.
చేతులు కాలాక ఆకులు, తెలుసు.
కాలిన చేతులు నావి కూడా కావు.

కార్మిక కార్యాలయానికి ఇవ్వడానికి
ఆ పేజీ ముద్రించాను.
తెర మీద ఎప్పుడూ పక్కకి జరిపి చూడని చివరి గడి
కాగితం మీద దానంతటదే వచ్చేసింది.
అనుమతి ఇచ్చినవారు:
షేక్ వహీదా.

ఫజర్ అజాన్ మొదలైంది.
పెన్ను తీసి, గీత కొట్టకుండా,
పేరు పక్కన పొట్టి సంతకం పెట్టాను.
బకెట్ ఎప్పుడు పొర్లిందో,
కార్పెట్ తడిసి కాళ్లకి చల్లగా తగిలింది.